ఉప్పు వాసన పట్టిన కంచె

ఫాంటసీ కథలంటే పడిచచ్చే మేనల్లుడొకడున్నాడు నాకు. "ఇంగ్లీషు కథల్లో దేశానికి అడ్డంగా ప్రాణమున్న గోడ ఉంటుంది మామయ్యా, దాన్ని కాచేవాళ్ళకి ప్రమాణాలుంటాయి. మనవాళ్ళకి అంత ఊహ ఎక్కడేడ్చింది?" అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. "తెల్లవాళ్ళు కనీసం రైళ్ళయినా వేశారు" అని తోక తగిలించాడు.

ఈ "కనీసం రైళ్ళయినా" బ్యాచ్ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. రైళ్ళకి ఇన్ని దండాలు పెట్టే జనం దొరలు పెంచిన కంచె ఊసెత్తరు. ఇది ఘోరమైన కృతఘ్నత.

ప్రాణమున్న గోడ మన దేశంలోనే ఉండేది బాబూ. సింధు నది నుంచి మహానది దాకా 2,300 మైళ్ళ సుంకాల గీత, అందులో వందల మైళ్ళు పచ్చని ముళ్ళకంచె. తుమ్మ, రేగు, వాక, జెముడు. ఏపుగా పెరిగిన చోట 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం. మొక్క బతకని చోట ఎండు కంప, మైలుకి 250 టన్నుల లెక్కన. దానికున్న మహిమ ఒక్కటే, ఉప్పు వాసన పట్టడం. పడమటి ఉప్పు పన్ను కట్టకుండా ఇటు బెంగాల్ వైపు దాటకూడదు, అంతే. 1872 నాటికి కాపలాకి 14,000 మంది. నెలకి అయిదారు రూపాయల జీతం, పైన దొరికింది వేరే.

1867 నుంచి 1870 దాకా ఈ కంచెకి పెద్ద దొర అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. ఆయనే, తర్వాత 1885లో కాంగ్రెస్ పెట్టించిన ఆయనే. పక్షిశాస్త్రంలో దిట్ట. పిట్టల మీద ఎంత ప్రేమో కంప మీదా అంత ప్రేమ. ఆ కంపకి శత్రువులు చెదలు, మిడతలు, కార్చిచ్చు, ఎలుకలు. ఎలుకల పీడ విరగడవ్వాలని హ్యూమ్ దొర ఏం చేశాడో తెలుసా? కంచెలోకి పిల్లుల్ని వదిలాడు.

సామ్రాజ్యం వారి పిల్లులు! ఆ ఫైలు ఎలా నడిచి ఉంటుందో ఊహించుకుంటుంటే నాకు అన్నం సహించడం లేదు. "ఫలానా చౌకీకి పిల్లులు రెండు మంజూరు. పాల భత్యం విషయం పై అధికారుల పరిశీలనలో ఉన్నది." "నల్ల పిల్లి డ్యూటీలో నిద్రపోవుచున్నది, సంజాయిషీ కోరడమైనది." "సదరు పిల్లి మ్యావ్ అని మౌఖికంగా సమాధానమిచ్చినది, రాతపూర్వకంగా ఇవ్వలేదు." పిల్లి ఎదురైందని ఇన్‌స్పెక్షన్ వాయిదా వేసుకున్న గుమాస్తా ఒక్కడైనా ఉండే ఉంటాడు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. కంచె మొత్తం మీద లంచం ముట్టని సిబ్బంది ఆ పిల్లులే అయ్యుంటాయి. ఎవరి ఉప్పూ తిన్నవి కావు మరి.

ఇంతకీ ఆ ఉప్పు మీద పన్నెంత? బెంగాల్లో ఒకప్పుడు 37 కిలోల మణుగుకి 3 రూపాయల 4 అణాలు. కావలివాడి నెల జీతంలో సగం పైమాటే. మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1 రూపాయి 13 అణాలు. ఈ తేడా ఉన్నంత కాలం కంచె ఉండాల్సిందే. కంచెకేమో ఖర్చెక్కువ. అందుకని కంచె ఎత్తేయడానికి రేట్లు దగ్గరకి తెద్దామనుకున్నారు. బెంగాల్లో కాస్త తగ్గించి, మద్రాసులో 2 రూపాయల 8 అణాలు చేశారు.

ఎప్పుడనుకున్నారు? ధాత కరువులో. 1876 నుంచి 1878 దాకా బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే, గంజి కూడా దొరకనివాడు ఆ గంజిలో వేసుకునే ఉప్పురాయి మీద పన్ను పెంచారు! ఏ ఫాంటసీ కథలో ఏ రాక్షసుడికి వచ్చింది ఈ ఊహ? కంచె చేను మేసిందంటే సరే, చేలు ఎండిపోయాయి గనక మనుషుల్నే మేసింది. ఆ కంచె మన పొలిమేర తొక్కలేదు, దాని బిల్లు మాత్రం మన కుండలోకి వచ్చి పడింది. సిగ్గూ శరం లేని దొరతనం! దానికి రైళ్ళు వేశారని ఈ రోజుకీ చప్పట్లు.

1879 ఏప్రిల్ 1న కంచె కాపలా ఎత్తేశారు. ఉప్పు మీద పన్ను మాత్రం 1947 దాకా బతికింది. దానికి నీళ్ళు పోయక్కర్లేదు, పిల్లులూ అక్కర్లేదు.