ఆనీ పపైరస్‌కు కత్తిగాట్లు

క్రీస్తుపూర్వం 1250 ప్రాంతంలో ప్రాచీన ఈజిప్టు నగరం థీబ్స్‌లో ఆనీ అనే లేఖకుడి కోసం తయారైన పపైరస్ చుట్ట, ఆయన సమాధి చీకట్లో ఆయనకు తోడుగా ఉండిపోవలసినది. మరణించినవాడు పరలోకపు ఆటంకాలు దాటి పగటి వెలుగులోకి రావడానికి పనికొచ్చే, ‘మృతుల గ్రంథం’ అని పిలిచే మంత్రాలు అందులో ఉన్నాయి. ఆనీ గుండెను సత్యదేవత మాత్ ఈకతో తూచే తక్కెడ, తూకం ఫలితాన్ని రాసుకునే దేవుడు థోత్, తూకం తప్పితే గుండెను మింగేయడానికి కాచుకున్న మొసలి తల రాక్షసి అమ్మిత్ కూడా రంగుల్లో కనిపిస్తారు. కొన్ని భాగాలను ముందే రాసి ఉంచి, ఆనీ పేరును తరువాత ఖాళీల్లో నింపారు; మూడువేల ఏళ్ల కిందట పరలోకయాత్రకు కూడా దరఖాస్తు ఫారాలు సిద్ధంగా దొరికేవన్నమాట.

ఈ చుట్ట లండన్ చేరిన తీరును ఎవరో నిందమోపి చెప్పనక్కరలేదు. 1888లో దీన్ని బ్రిటిష్ మ్యూజియం కోసం సంపాదించిన ఆ మ్యూజియం ఉద్యోగి వాలిస్ బడ్జే స్వయంగా రాసుకున్నాడు. ఈజిప్టులోని లక్సర్‌లో పురావస్తువులు దాచిన ఇంటికి అధికారులు సీలు వేసి కాపలా పెడితే, రాత్రివేళ పక్కనున్న హోటల్ తోటవైపు నుంచి గోడకు కన్నం వేయించి సరుకు బయటికి తెప్పించాడు. ఆ తరువాత, దాదాపు 24 మీటర్ల ఆ చుట్టను, బొమ్మలకూ రాతకూ ఉన్న వరుసను లెక్కచేయకుండా, 37 ముక్కలుగా కోయించాడు. వెలుగు తగిలితే రంగులు వెలిసిపోతాయి కనుక, వెలుగులోకి రావడానికే రాసిన ఈ మంత్రాలను ఇప్పుడు ఎక్కువకాలం చీకట్లోనే భద్రపరచవలసి వస్తోంది.

తాము తీసుకెళ్లకపోతే ఇలాంటి పురావస్తువులు నాశనమయ్యేవన్నది పాశ్చాత్య మ్యూజియంల పాత సమర్థన. కొన్ని వస్తువుల విషయంలో అది నిజం కావచ్చు. కానీ తమ ఉద్యోగి చేతిలోనే ముక్కలైన ఆనీ పపైరస్‌ను చూపి ఆ మాట అనడం చెల్లదని మా అభిప్రాయం. ఏ ముక్కను ప్రదర్శించినా, గుండె తూకం కథతోపాటు గోడకన్నం కథనూ అదే అద్దం పక్కన, అంతే పెద్ద అక్షరాల్లో చెప్పాలి. తిరిగి ఇవ్వడంపై చర్చను ఈజిప్టుతో కూర్చుని తేల్చుకోవాలి తప్ప, సంరక్షణ సామర్థ్యం పేరుతో దాటవేయకూడదు. 2022లో సక్కారాలోని ఒక శవపేటికలో దొరికిన సుమారు 16 మీటర్ల మృతుల గ్రంథాన్ని కైరో నిపుణులే విప్పి, బాగుచేసి, మరుసటి ఏడాది తహ్రీర్ కూడలిలోని ఈజిప్షియన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.