లోతు గుంట గారికి విన్నపం

మహారాజశ్రీ లోతు గుంట గారికి,

మోకాల్లోతు తవ్వి, అడుగున దోసెడు ఎరువు పోసి, మొక్కను దింపి, మొదలు చుట్టూ మట్టి ఎగదోసి కాలితో తొక్కితే గానీ ఎవరికీ నాటినట్టుండదు. అంతటి పరపతి తమది. అయితే అజేలియా అనే పూలపొద విషయంలో తమరు చేసేది నాటడం కాదు, పూడ్చిపెట్టడం.

దాని వేళ్లు వెంట్రుకల్లా సన్నం. నేల పైపొరలో, 12 అంగుళాల లోపు మట్టిలోనే పక్కలకు పాకుతాయి, గాలాడకపోతే కుళ్లుతాయి. బంకమట్టిలో ఒక్క గుంటను మాత్రం కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొట్టుతో) నింపారా, తమరు అచ్చంగా తొట్టే: చుట్టుపక్కల నీళ్లన్నీ తమ కడుపులోకే వస్తాయి, పోయే దారుండదు. ఆకులు వాలగానే పాపం దాహమేమోనని ఇంకో బకెట్ పోస్తారు. ఆ పాపమూ తమ ఖాతాలోదే.

కనుక కాస్త తగ్గండి. లోతు వేళ్ల ముద్ద ఎత్తుకన్నా కాస్త తక్కువే, వెడల్పు మాత్రం ముద్దకు రెండు మూడింతలు. అంతకన్నా తవ్వితే వదులైన అడుగు మట్టి తర్వాత కుంగి మొక్కను లోపలికి లాగుతుంది. ముద్ద పైభాగం నేలకన్నా 1–2 అంగుళాలు పైకే ఉండాలి. నేల బంకమట్టిదైతే తమ సేవలే వద్దు: చివికిన ఆకులు, బెరడు పొడి, ఉన్న మట్టి కలిపి నేల మీదే 10–12 అంగుళాల ఎత్తున మడి కట్టుకుంటాం.

కుండీలో చుట్టలు తిరిగిన వేళ్లను అలాగే దింపితే ముద్ద దాటి బయటికి రావు. పక్కల నాలుగుచోట్ల అర అంగుళం లోతున గాటు పెట్టి విప్పాలి. ముద్ద ఎండిపోయుంటే ముందు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచాలి. కుండీ మట్టిలో కలిపే పీట్ (చివికిన నాచు పొడి) ఎండితే దాని మీద పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పక్కలకు జారిపోతాయి.

అడుగున తమరు దాచే ఎరువు లేత వేళ్లను కాలుస్తుంది. ఇక సిమెంట్ గోడ పక్కనే వెలిశారంటే సున్నం ఊరి మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది. అజేలియాకు కావలసింది 4.5–6. అది దాటితే నేలలో ఇనుమున్నా వేళ్లకు అందదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. పీహెచ్ తగ్గించే గంధకం పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి మట్టి పరీక్షా, గంధకమూ నాటడానికి చాలా ముందే కావాలి.

పైన 2–3 అంగుళాల మందాన బెరడు ముక్కలు పరుస్తాం, కాండానికి తగలకుండా. కలుపు చేత్తోనే పీకుతాం. పార గారు తమ ఆప్తమిత్రులని విన్నాం, వారినీ అటువైపు రావద్దనండి.

ఇట్లు,
ఊపిరాడని వేళ్ల తరఫున