ట్రక్కు బేరింగు ముట్టుకోవద్దంటున్న ఆ వాయిస్ మెసేజ్ సంగతి

దాళ్వా (రెండో పంట) కోతలు మొదలైన దగ్గర్నుంచీ ఓ వాయిస్ మెసేజ్ మా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే ఆరుగురు పంపారు. అందులో ఒకడు మా బావమరిది. మాట్లాడేది ఎవరో తెలీదు గానీ గొంతులో మాత్రం బోలెడు ధీమా. ఆయన చెప్పేది ఇదీ: "ట్రాక్టరు ట్రక్కు చక్రాల బేరింగుల జోలికి రైతు పోకూడదు. షోరూంలో మిషన్‌తో బిగించిన బిగువు మన పానాతో రాదు. ఏడాదికోసారి వాళ్ళకి అప్పగించండి, అంతా వాళ్ళే చూసుకుంటారు. మధ్యలో నిప్పిల్లో గ్రీజు కొడితే చాలు. ట్రక్కు ఎలాగూ లారీలా తిరగదు. చప్పుడొచ్చినప్పుడు చూసుకోవచ్చు."

నేను మెకానిక్కుని కాదు. గౌతమి పక్కన అరటి, వరి వేసుకునేవాణ్ణి. కానీ మా ట్రక్కు, అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి బండి, దాని చక్రాలు నేనే విప్పుకుంటాను. ఆ మెసేజ్‌లో నిజం బొత్తిగా లేదనను, ఉన్న కాస్తా తప్పు చోట పెట్టారు.

ముందు షోరూం సంగతి. ట్రాక్టరు షోరూంలో కొన్నాం, సరే. ట్రక్కు ఎక్కడ చేయించాం? మన పక్క ట్రక్కులు చాలావరకు ఊరి చివర వెల్డింగ్ షెడ్లలో తయారైనవే. యాక్సిల్ ఒకచోటిది, హబ్బులు (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే దిమ్మలు) ఇంకోచోటివి, టైర్లు ఏ లారీకో వాడి తీసినవి. ట్రాక్టరుతో పాటు ఇచ్చిన సర్వీసు కూపన్ల పుస్తకం మొన్న మొదట్నుంచి చివరిదాకా తిరగేశాను. ఇంజిన్ ఆయిలుంది, ఫిల్టర్లున్నాయి, ముందు చక్రాల హబ్బులున్నాయి. ట్రక్కు అన్న మాటే లేదు. వాళ్ళ పుస్తకంలో లేని సామానుని ఏడాదికోసారి వాళ్ళే చూసుకుంటారని ఈయనకి ఎవరు చెప్పారో మరి.

డబ్బులిస్తే చేస్తారు, కాదనను. మూడేళ్ళ కింద కోతల ముందు నాకు తీరిక లేక, ఓ చోట ట్రక్కు వదిలి రెండు చక్రాలకీ బేరింగు సర్వీసు చేయించాను. బిల్లులో "రెండు వైపులా" అని ఉంది. పది రోజులకి కుడి హబ్బు వేడెక్కుతోందని మూత కొట్టి చూస్తే, నట్టు తిరిగిపోకుండా అడ్డం పెట్టే స్ప్లిట్ పిన్ను తుప్పుతో నట్టుకి అతుక్కుపోయి ఉంది. పిన్ను కాళ్ళ మీద అంతకు ముందేడు నేను ట్రక్కుకి వేయించిన నీలం పెయింటు చుక్క ఇంకా అలాగే ఉంది. ఆ పిన్ను తియ్యకుండా నట్టు తిరగదు, నట్టు తియ్యకుండా బేరింగు బయటికి రాదు. ఎడమ వైపు మాత్రం బంగారంలా చేశారు. మోసమే అనుకోనక్కర్లేదు, కోతల ముందు షెడ్డు నిండా బళ్ళుంటాయి, కుర్రాడు భోజనానికి వెళ్ళొచ్చి ఒక చక్రం మర్చిపోయి ఉండొచ్చు. అయినా మర్చిపోయాడని నాకు తెలిసింది, పిన్ను ఎలా ఉంటుందో నాకు తెలుసు గనక.

ఇక బిగువు. ఆ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ట్రక్కు హబ్బులో ఉండేవి గోళీల బేరింగులు కావు, ఓ చివర సన్నగా ఓ చివర లావుగా ఉండే రోలర్లు. టేపర్ బేరింగులంటారు. అమెరికాలో గుర్రబ్బళ్ళు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ అనే ఆయన 1898లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. పైనుంచి పడే బరువునీ, మలుపులో పక్కనుంచి వచ్చే తోపునీ రెంటినీ మోస్తుంది. హబ్బులో లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, ఎదురెదురుగా కూర్చుంటాయి. రోలర్లు ఉండే లోపలి ముక్కని కోను అనీ, అవి దొర్లే బయటి రింగుని కప్పు అనీ అంటారు. నట్టు తిప్పిన కొద్దీ రోలర్లు కప్పులోకి ఇంకా ఇంకా దిగుతాయి. అంటే ఇక్కడ నట్టు పని చక్రాన్ని అదిమి పట్టుకోవడం కాదు, రోలర్లకి ఎంత చోటివ్వాలో కొలిచి ఆపడం. ఆ చోటు లేకుండా బిగించారనుకోండి, తిరిగి వేడెక్కేసరికి ఇనుము వ్యాకోచించి ఉన్న కాస్త సందూ పోతుంది. రోలరుకీ కప్పుకీ మధ్య గ్రీజు పొర నిలవదు. ఇనుము ఇనుముని గీకుతుంది.

చిన్న ట్రైలర్లకి మామూలుగా చెప్పే సందు 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్లు. ఎయిర్ గన్నుతో ఆ సందు రాదు. వేళ్ళతో వస్తుంది. చక్రం తిప్పుతూ నట్టు బిగిస్తే ఓ దగ్గర బరువు తగులుతుంది, అప్పటికి రోలర్లు సరిగ్గా కూర్చున్నట్టు. అక్కడ తిప్పడం ఆపి, నట్టు పూర్తిగా వదులు చేసి, మళ్ళీ పానా లేకుండా వేళ్ళతో తిరిగినంతే తిప్పాలి. పిన్ను కన్నం ఎదురు రాకపోతే వదులు వైపే జరపాలి గానీ బిగువు వైపు కాదు. కొత్త పిన్ను పెట్టి కాళ్ళు వంచెయ్యాలి. టైరు పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే తెలిసీ తెలియనట్టుండాలి. మీ యాక్సిల్ చేసినవాళ్ళు వేరే పద్ధతి చెబితే అదే పాటించండి, కానీ "ఎంత బిగిస్తే అంత గట్టి" అని ఏ యాక్సిల్ తయారుచేసినవాడూ చెప్పడు.

ఇక నిప్పిల్, అంటే గ్రీజు గన్ను తగిలించే చిన్న మూతి గురించి. మన ట్రక్కుల్లో నిప్పిల్ సాధారణంగా హబ్బు నడుం మీద ఉంటుంది. గన్నుతో కొట్టిన గ్రీజు ముందు రెండు బేరింగుల మధ్య ఉన్న ఖాళీలోకి పోతుంది. అది నిండితే గానీ బేరింగు మొహం చూడదు. లోపలున్న పాత గ్రీజు, అందులో కలిసిన మట్టి ఎక్కడికీ పోవు. అమెరికాలో కార్ల వెనక కట్టుకుపోయే ఇల్లు బళ్ళకి ఇంకో రకముంది, నిప్పిల్ ఇరుసు కొసన ఉండి, గ్రీజు లోపలి బేరింగు వెనక నుంచి మొదలై ముందుకు నెట్టుకొస్తుంది. అలాంటిదాన్ని కూడా చక్రం తిప్పకుండా గబగబా కొడితే వెనక ఆయిల్ సీలు (గ్రీజు బయటికి పోకుండా ఆపే రబ్బరు చుట్టు) తన్నుకుని గ్రీజు బ్రేకుల మీద పడుతుంది. అక్కడ యాక్సిల్స్ చేసే డెక్స్టర్ కంపెనీ చెప్పే లెక్క 12 నెలలు లేదా 12,000 మైళ్ళు, ఏది ముందొస్తే అది. తారు రోడ్డు మీద తిరిగే బండికే ఆ లెక్క.

ఇప్పుడు "లారీలా తిరగదు" దగ్గరికొద్దాం. నిజమే, కిలోమీటర్లు తక్కువ. మా ట్రక్కు ఊరికీ రావులపాలెం అరటి మార్కెట్టుకీ మధ్య తిరిగేదే ఎక్కువ. కానీ గెలలు వచ్చేది ఎక్కణ్ణుంచి? గోదావరి మధ్య లంకలోంచి. లంకలోకి వెళ్ళాలంటే నది పాయ దాటాలి. వేసంకాలంలో కూడా అక్కడ నీళ్ళు హబ్బు దాకా ఉంటాయి. ఇసుక ర్యాంపులోకి దిగే బళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. రొయ్యల చెరువుల వైపు వాళ్ళయితే ఏకంగా ఉప్పునీళ్ళలోనే నడుపుతారు.

బరువుతో మార్కెట్టుకి వెళ్ళొచ్చిన ట్రక్కు హబ్బు గోరువెచ్చగా ఉంటుంది, లోపలి గాలి కూడా. ఆ వేడి మీదే పాయలోకి దింపామనుకోండి, చల్లటి నీళ్ళు తగిలి లోపలి గాలి ముడుచుకుంటుంది. ముడుచుకున్నంత మేర బయటినుంచి లాక్కుంటుంది. బయట ఉన్నది నీళ్ళు. సీలు పెదవి కాస్త అరిగితే చాలు, అటునుంచి నీళ్ళూ ఒండ్రూ లోపలికి. పడవల్ని నీళ్ళలోకి దించే ట్రైలర్లకి విదేశాల్లో ఉన్న పెద్ద బాధ కూడా ఇదే. ఇలా నీళ్ళు తాగిన గ్రీజు మూత విప్పగానే తెలిసిపోతుంది, తేనె రంగు పోయి పాలు కలిపిన టీలా ఉంటుంది. అలాంటి బండి నెల రోజులు చెట్టు కింద ఊరికే ఉన్నా సరే, తిరగని రోజుల్లోనే తుప్పు పని చేస్తుంది. రోలర్లు ఆగి ఉన్న చోటల్లా కప్పులో నల్ల గీత పడుతుంది, రోలర్ల మధ్య ఎంత ఎడముందో గీతల మధ్య కూడా అంతే. తర్వాత ఓ రోజు 75 కిలోల బస్తాలు 50 వేస్తాం. 3,750 కిలోలు, ట్రక్కు బరువు కాకుండా, దాదాపు అంతా రెండు చక్రాల మీద. గీత పడిన చోట లోహం పెచ్చులూడటం మొదలవుతుంది.

మన బండి ఏ రోజు పాయలో ఎంతసేపుందో షోరూం వాళ్ళకి తెలీదు. వాళ్ళ దగ్గరుండే లెక్క గంటలూ నెలలూ. అందుకే నా లెక్క వేరు. కాలవలకి నీళ్ళు ఆపేశాక, సార్వాకి (తొలి పంటకి) ముందు ఒకసారి, సార్వా కోతలయ్యాక ఒకసారి విప్పుతాను. హబ్బు మునిగిందంటే ఆ వారంలోనే ఇంకోసారి.

విప్పడం పెద్ద విద్యేం కాదు. ఖాళీ ట్రక్కు, ట్రాక్టరుకి తగిలించే ఉంచి హ్యాండ్ బ్రేకు, రెండో చక్రానికి అటూ ఇటూ రాళ్ళు, జాకీ ఎత్తాక యాక్సిల్ కింద మొద్దు. జాకీని నమ్మి చెయ్యి కింద పెట్టకండి. బేరింగులు డీజిల్లో కడిగి గుడ్డతో తుడవాలి. షెడ్లలో కుర్రాళ్ళు గాలి పైపు పెట్టి బేరింగుని గిర్రున తిప్పి ఈల వేయిస్తుంటారు, సరదాగానే ఉంటుంది గానీ గ్రీజు లేకుండా ఆ వేగంలో గీతలు పడతాయి, ఒక్కోసారి పగిలి ముక్కలు మొహాన కొడతాయి. గ్రీజు పెట్టడం అరచేత్తోనే. చేతిలో ముద్ద పెట్టుకుని బేరింగు లావు అంచుని దాని మీద అదుముతూ పోతే, రోలర్ల సందుల్లోంచి గొట్టంలో జంతికల పిండి వచ్చినట్టు పైకి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా వదలకూడదు. సీలు ప్రతిసారీ కొత్తదే. కొత్త గ్రీజు కొనేటప్పుడు రంగు చూసి మంచీ చెడ్డా చెప్పలేం, రంగు కలిపేదే. డబ్బా మీద లిథియం అని, 2వ నంబరు అని ఉందో లేదో చూసుకోండి, పాతది పూర్తిగా కడిగేశాకే కొత్తది పెట్టండి.

చప్పుడొచ్చాక చూసుకోవచ్చన్న మాటకి ఎక్కువ చెప్పను. ట్రాక్టరు సీటు మీద కూర్చున్నవాడికి వెనక ట్రక్కు బేరింగు వినపడిందంటే అది ఎప్పుడో పోయింది. కాలవ గట్టు మీద, పక్కన నీళ్ళు, ట్రక్కులో కూలీలు ఉండగా చక్రం ఊడితే ఏమవుతుందో మన జిల్లాల వాళ్ళకి చెప్పాలా? ఆగిన ప్రతిచోటా రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది చుర్రుమంటే అక్కడే బస్తాలు దించండి.

షెడ్డుకి పంపాల్సిన పనులూ ఉన్నాయి. హబ్బులో కప్పు మార్చడం నేను చెయ్యను, వంకరగా దిగిందంటే కొత్త బేరింగు కూడా దండగ. ఇరుసు మీద బేరింగు కూర్చునే చోట అరుగుదలో నీలి మచ్చలో కనిపిస్తే పనివాడి చేతికే ఇస్తాను. బ్రేకులున్న ట్రక్కైతే బ్రేకులు కూడా. ఇచ్చేటప్పుడు పాత సీలు, పాత పిన్నులు నాకు తిరిగివ్వమని అడుగుతాను. మా మెకానిక్కు ఏమీ అనుకోడు. "ఆయ్, సంచిలో వేసి ఉంచుతానండి" అంటాడు.

మొన్న ఆదివారం మా బావమరిది ట్రక్కు మా ఇంటి దగ్గరే విప్పాం. మెసేజ్ పంపినవాడే. ఎడమ వైపు గ్రీజు పాల టీ, కప్పులో వరసగా నల్ల గీతలు. కోను మీద నంబరు తుడిచి చదివించాను, 30209. చివరి రెండంకెల్ని 5తో హెచ్చిస్తే లోపలి కన్నం 45 మిల్లీమీటర్లని చెబితే స్కేలు పెట్టి కొలుచుకుని మరీ నమ్మాడు. కొత్తది తెమ్మని అమలాపురం పంపితే సాయంత్రానికి తిరిగొచ్చాడు, చేతిలో ఒక్క కోనే.

"కప్పేదిరా?"

"పాతది బానే ఉంది కదా బావా, కోను మారిస్తే చాలన్నారు కొట్లో."

గీతలున్న కప్పులో కొత్త కోను వేస్తే నెల తిరక్కుండా దానికీ అదే గతి, రెండూ కలిపే మార్చాలని చెప్పి, బండి తాళాలు చేతికిచ్చి మళ్ళీ పంపించాను.