ఉద్దెర తీర్చినవాడే ఉడాయిస్తాడు

మనుషులను మనుషులే అంచనా వేయాలనే మూఢనమ్మకం నుంచి హనుమకొండలో ఒక ఆఫీసు బయటపడింది. అభినందించాల్సిందే. అక్కడ హెచ్‌ఆర్ అనలిటిక్స్ పెట్టారు, అంటే ఉద్యోగుల లెక్కలు చూసి జోస్యం చెప్పే కంప్యూటర్ యంత్రం. ఎవరు ఎన్నింటికి వేలిముద్ర వేశారు, ఎన్ని సెలవులు వాడారు, జీతం పెరిగి ఎన్నాళ్లయింది, ఇవన్నీ కలిపి ఉద్యోగం ఎవరు మానేస్తారో స్క్రీన్ మీద రంగుల్లో చూపిస్తుంది. పచ్చ అంటే ఉంటాడు. ఎరుపు అంటే పోతాడు. పసుపు అంటే ఇంట్లో అడిగి చెప్తాడు.

2024 ఫిబ్రవరిలో స్క్రీనంతా ఎర్రబడింది. సగం ఆఫీసు ఒకేసారి సెలవు పెట్టింది. పోటీ కంపెనీ ఏదో మూకుమ్మడిగా ఎగరేసుకుపోతోందని హైదరాబాద్ హెడ్డాఫీసులో ఒకటే టెన్షన్, అర్జెంట్ మీటింగ్. జనమంతా మేడారంలో, జంపన్నవాగులో మునుగుతున్నారని అటెండర్‌కు తెలుసు. కానీ అటెండర్ డేటా కాదు కదా! యంత్రం చదువుకున్నది 2023 హాజరు పట్టీలు. సమ్మక్క సారలమ్మల మహాజాతరేమో రెండేళ్లకోసారి. ఆ ఏడాది అమ్మవార్లు గద్దెలకు రాకపోతే యంత్రం తప్పా?

యంత్రాలను ఊరికే ఆడిపోసుకుంటాం. అమెజాన్ ఉద్యోగుల ఎంపికకు తయారుచేసుకున్న యంత్రం పదేళ్ల దరఖాస్తులు చదివి, అందులో ఎక్కువమంది మగవాళ్లే ఉండటం చూసి, ఆడవాళ్లకు మార్కులు కోయడం నేర్చుకుందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. గురువుల విద్యను అంత శ్రద్ధగా పట్టుకున్న శిష్యుణ్ని అప్పటికే మూలన పడేశారట. అన్యాయం.

ఇక మన ఆఫీసు ఎదుట ఒక చాయ్ డబ్బా ఉంది. అందరికీ అక్కడ ఉద్దెర ఖాతా. నెల మధ్యలో ఎవరైనా వచ్చి "అన్నా, నా లెక్క మొత్తం ఎంతైందో చూడు" అన్నాడంటే ఆఫర్ లెటర్ చేతికొచ్చినట్టే. డబ్బా అన్న వాడి పేరు కొట్టేస్తూ "రిలీవింగ్ ఎప్పుడు?" అంటాడు. ఇప్పటిదాకా ఒక్కసారీ తప్పలేదు.

ఈ సంగతి హెచ్‌ఆర్ చెవిన పడింది. రోజూ సాయంత్రం పద్దు పుస్తకం ఫొటో తీసుకెళ్లి యంత్రానికి తినిపించడం మొదలుపెట్టారు. బాకీ లేనివాడి పేరు పక్కన ఎర్రచుక్క. స్టాఫ్‌కు తెలియడానికి రెండు చాయ్‌ల సేపు కూడా పట్టలేదు.

ఇప్పుడు స్క్రీనంతా పచ్చగా కళకళలాడుతోంది. హెడ్డాఫీసు నుంచి అభినందనల మెయిల్ కూడా వచ్చింది. డబ్బా అన్న మాత్రం పాలవాడి దగ్గర ఉద్దెర పెడుతున్నాడు.