మా కారు డ్యాష్‌బోర్డు గారికి ఒక జిడ్డు విన్నపం

హనుమకొండ,
కార్తీక మాసం, ఆదివారం.

మహారాజశ్రీ డ్యాష్‌బోర్డు గారి సముఖమునకు,

తమరు మా ఇంటికి 2013 దసరాకు వేంచేశారు. భద్రకాళి గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తమరి నెత్తిన చిన్న వినాయకుణ్ణి రెండు వైపులా అంటుకునే టేపుతో ప్రతిష్ఠించిన ఆ ఉదయం తమరి ఒళ్ళు ఎంత మెత్తగా, ఎంత పొడిగా ఉండేదో నాకు ఇంకా గుర్తుంది. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఆ స్వామిని సాగనంపుదామన్నా తమరు వదలలేదు. గట్టిగా లాగితే పీఠంతో పాటు రూపాయి బిళ్ళంత తోలు ఊడి వచ్చింది. ఏసీ జాలీ దగ్గర వెంట్రుకంత సన్నగా మొదలైన పగులు ఉపనదులను కలుపుకుంటూ మధ్యకు వచ్చింది. ఇక జిగట సంగతి వేరే చెప్పాలి. మేడారంలో అమ్మవార్లకు నిలువెత్తు తూచి ఇచ్చే బంగారం అంటే బెల్లమని ఈ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. కిందటి జాతరకు పోయినప్పుడు మా బెల్లం డిక్కీలోనే ఉంది, జిగట మాత్రం అప్పటికే తమరి మీద సిద్ధంగా ఉంది. ములుగు రోడ్డు దుమ్ము అంతా మొక్కు చెల్లించినట్టు వచ్చి తమరికే అంటుకుంది.

తప్పెవరిదని విచారిస్తే, మొదటి ముద్దాయి ఎండ. మా ఆఫీసు ఆవరణలో ఉన్న ఒక్క వేపచెట్టు నీడ పెద్దసారు కారుకు రిజర్వు. మే నెలలో బయట 44 డిగ్రీలు ఉంటే, మూసిన అద్దాల లోపల తమరి వీపు 70 దాటడం వింతేమీ కాదు. నల్ల ఫిల్ము అంటిద్దామంటే 2012లోనే సుప్రీంకోర్టు వద్దన్నది. నేను గొడుగు పట్టుకొని ఆఫీసు మెట్లెక్కాను, తమరు రోజూ ఎనిమిది గంటలు ఎండలో మాడారు.

తమరి వంశ చరిత్ర కూడా కొంత తెలుసుకున్నాను. తమరి పై తోలు పీవీసీ, మా పొలంలో బోరుకు దించిన పైపు కూడా పీవీసీ. అంటే దగ్గరి చుట్టాలే. పుట్టుకతో గట్టిదైన ఆ పదార్థాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవ్యం కలుపుతారు. ఎండ తగిలినకొద్దీ అది మెల్లగా పైకి ఊరి, కొంత జిడ్డుగా మిగిలి, కొంత ఆవిరై పోతుంది. ముందు అద్దం లోపలివైపు పేరుకొని, రాత్రిపూట ఎదురు లైట్లు పడగానే మసకబారే ఆ పొరలో తమరి యవ్వనమే ఉందని తెలియక, నేను ఇన్నేళ్ళూ పాత న్యూస్‌పేపరుతో తుడిచి పారేశాను. నూనె పోయిన తోలు బిగుసుకుంటుంది, బిగుసుకున్నది పగులుతుంది. మధ్యలో రేడియో చుట్టూ ఉన్న పలకది వేరే జబ్బు. చేతికి పట్టులా తగలాలని దానిమీద వేసిన పాలియురేతేన్ పూత గాలిలోని తేమకు విడిపోయి, వానాకాలం వచ్చేసరికి పాకం అవుతుంది. దాన్ని ఎంత కడిగినా లాభం లేదు, మొత్తం తీసేయవలసిందే.

రెండో ముద్దాయిని నేనే. 1163 నాటి వేయి స్తంభాల గుడిలో ఆ నల్లరాతి స్తంభాల నునుపు చూసి పెరిగినవాణ్ణి కనుక, మెరుపు లేనిదే మర్యాద లేదనుకున్నాను. కాకతీయుల శిల్పులు రాతిని అరగదీసి మెరిపించారు. నేను ప్రతి ఆదివారం సీసాలోని సిలికాన్ పాలిష్ పోసి మెరిపించాను. ఆ మెరుపు సోమవారం సాయంత్రానికి దుమ్ము పట్టేది. మెరిసినంతసేపు తమరి ప్రతిబింబం ముందు అద్దంలో పడి, కరీంనగర్ రోడ్డు మీద ఎదురొచ్చే పత్తి లారీ కంటే ముందు నాకు వినాయకుడే కనిపించేవాడు. దైవభక్తి పెరగడానికి అదీ ఒక మార్గమే అనుకోండి.

ఈ దసరా సెలవుల్లో తమరికి ఇంట్లోనే వైద్యం మొదలుపెట్టాను. డెంటింగ్ షాపులో అడిగితే, "మొత్తం మార్చుడే సార్, దీంట్ల చేసేదేం లేదు" అని కారు విలువలో మూడో వంతు ధర చెప్పారు మరి. కట్టర్ బ్లేడుతో పగులు అంచులను ఏటవాలుగా కోస్తే, లోపలి పసుపు ఫోము ఉప్మా రవ్వలా రాలింది. పగులు ఇంకా పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేశాను. తలుపుల సొట్టలకు పెట్టే బాడీ పుట్టీ ఇంట్లో ఉంది కదా అని అదే నింపి, ఎమరీ పేపరుతో రుద్ది, అద్భుతమని నా భార్యకు చూపించాను. ఆమె నా చేతులు చూసి, "ముందుగాల ఆ చేతులు కడుక్కోండ్రి, అన్నం గిన్నె ముట్టకుండ్రి" అన్నది. వారం తిరగకముందే పుట్టీ పక్కన కొత్త పగులు వచ్చింది. ఎండకు తమరు సాగుతారు, రాత్రికి ముడుచుకుంటారు, ఆ పుట్టీ మాత్రం మా పెద్దసారులాగా ఎటూ వంగదు. మొత్తం తవ్వి తీసి, వంగే రకం ఫిల్లరు తెప్పించి నింపి, ముందు గరుకైన 180 నంబరు ఎమరీతో, తర్వాత సన్నని 320తో రుద్దాను. పలక మీది పాకం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డకు నల్లగా ఊడి వచ్చింది. అదొక్కటే ఈ వైద్యంలో నాకు దక్కిన సుఖం.

రంగు దగ్గర నా పాత పాపం పండింది. మూడుసార్లు సబ్బుతో కడిగి, వినైల్ రంగు పలచగా కొట్టగానే, పూత ఎక్కడికక్కడ వెనక్కి జరిగి గుండ్రటి గుంటలు పడ్డాయి. పెయింటర్లు వాటిని చేప కళ్ళు అంటారు. పన్నెండేళ్ళ ఆదివారాల సిలికాన్ అంతా తమరి ఒంటిమీదనే ఉండి, నలభై కళ్ళతో నన్ను చూసింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ రుద్ది, ప్లాస్టిక్ ప్రైమరు వేసి, పావుగంటకొకటి చొప్పున నాలుగు పలచని పూతలు కొట్టేసరికి దీపావళి దాటింది.

ఎడమవైపు ఎయిర్‌బ్యాగు మూత జోలికి మాత్రం పోలేదు. ఆపద వేళ రెప్పపాటు కంటే ముందే ఆ మూత చీలి తెరుచుకోవాలి. దాని సందులో నా ఫిల్లరు, దాని మీద నా రంగు ఉండకూడదు. అందుకని జానెడు దూరంలోనే చేయి ఆపాను. ఫలితంగా తమరు ఇప్పుడు కొత్త లుంగీకి పాత గుడ్డ అతుకు వేసినట్టు ఉన్నారు. పగులు పూడ్చినచోట తోలు గీతలు లేక ఒక నున్నటి చార కూడా మిగిలింది. మా బామ్మర్ది అది చూసి, "బావా, గీడ ఏదో కుట్లేసినట్టున్నది" అన్నాడు. తమరు పట్టించుకోకండి, ఆయన కారుకు ఇంకా మూడేళ్ళే.

నిన్న తమరిని హంటర్ రోడ్డులో వాటర్ వాషింగుకు తీసుకుపోయాను. ఏ మెరుపూ లేకుండా, పలక బలపంలా పొడిగా ఉన్న తమరిని నా కళ్ళతో నేనే ముద్దాడుకుంటూ బిల్లు కట్టడానికి పక్కకు పోయాను. అక్కడి పిల్లవాడు లోపలికి తొంగిచూసి, "సార్, డ్యాష్‌బోర్డు మస్తు డల్లయింది, పాలిష్ కొట్టమంటరా?" అని కేకేశాడు. నేను వద్దని అరుస్తూ పరుగెత్తుకొచ్చేసరికి, సీసా మూత తీసి గుడ్డ మీద పోసుకొని, ఒక కాలు కారులో పెట్టి ఉన్నాడు.

ఆ గుడ్డ తమరికి తగలలేదని, అది తుడిచింది నా చొక్కానేనని మనవి.

ఇట్లు,
పది వేళ్ళ ముద్రలూ తమరికే సమర్పించుకున్న
తమరి యజమాని.