రోమా 8:18 దగ్గర ఆపకండి

ఆదరణ కూడికలో, అంటే మనిషిని పోగొట్టుకున్న కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన కూటంలో, బైబిల్లోని రోమా పత్రిక 8:18 (‘ఇప్పటి శ్రమలు రాబోయే మహిమతో పోల్చదగినవి కావు’ అన్న మాట) ఒక్కటే చదివి కూర్చోకూడదని ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాట నిజం. 26వ వచనం దాకా చదవాలి: 22లో సృష్టి మూలుగుతోంది, 23లో విశ్వాసులు, 26లో దేవుని ఆత్మ కూడా. మూలిగితే విశ్వాసం సన్నగిల్లిందనేవాళ్లకి అక్కడే జవాబుంది.

ఇంతకంటే గాయపరిచేది 2 కొరింథీ 4:17. ‘చులకని (తేలికైన) శ్రమ’ అని ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు అన్నది తాను పడ్డదాన్ని. ఐదుసార్లు 39 దెబ్బలు, మూడుసార్లు ఓడ పగలడం (11:24-25). కీమో ఎక్కించుకుంటున్న మనిషికి ఆ మాటని మనం వల్లించడం, క్షమించాలి, మొరటుతనం. దుఃఖం మొదట్లో 88వ కీర్తన చాలు, అది చీకట్లోనే ముగుస్తుంది. ఏడవొద్దనడానికి 1 థెస్సలొనీక 4:13 వాడొద్దు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దంది, అంతే. పరలోకం సంగతి దుఃఖంలో ఉన్నవాళ్లే అడిగినప్పుడు ప్రకటన 21:2-4 తీయండి: దేవుని పరిశుద్ధ పట్టణమే పరలోకం నుంచి కిందికి దిగివస్తుంది.