దొడ్డిదారి శిఖరం

సిక్కింలో ఎక్కకూడదన్నారు. అయితే నేపాల్ వెళ్లి ఎక్కుదామనుకున్నారు. ఎక్కేశారు. కాంచన్‌జంగా విషయంలో జరిగింది ఇంతే. ఆ తర్వాత ఎవరెన్ని మాటలు చెప్పినా అవి సర్దిచెప్పుకోవడాలే.

ఎక్కినవాళ్లు ఏ విదేశీ టూరిస్టులో అయితే ఈ సంపాదకీయం రాయాల్సిన పని ఉండేది కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని దిరాంగ్‌లో రక్షణ శాఖ కింద పనిచేసే జాతీయ పర్వతారోహణ సంస్థ బృందం అది. ‘హర్ శిఖర్ తిరంగా’ పేరుతో 28 రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎత్తైన చోట్ల జెండా ఎగరేసుకుంటూ వచ్చి, చివరికి కాంచన్‌జంగా దగ్గర ఆ కార్యక్రమాన్ని ముగించింది. సిక్కిం వైపు దారి మూసి ఉంది కాబట్టి సరిహద్దు దాటి నేపాల్ వైపు నుంచి పైకెళ్లింది. తమ ప్రజల విశ్వాసం దెబ్బతిందని సిక్కిం ముఖ్యమంత్రి ప్రేమ్ సింగ్ తమాంగ్ కేంద్ర హోంమంత్రి అమిత్ షాకు లేఖ రాయాల్సి వచ్చింది. సిక్కిం భారత రాష్ట్రమై 2025 మే 16కు సరిగ్గా 50 ఏళ్లు నిండాయి. ఆ పండుగ నెలలోనే ఢిల్లీ ఇచ్చిన కానుక ఇది.

సాహసయాత్రల మీద మాకు కోపమేమీ లేదు. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కితే ఊరూరా అందరితో పాటు మేమూ పొంగిపోయాం. ప్రాణాలకు తెగించి అంత ఎత్తుకు వెళ్లిన ఈ బృందం ధైర్యాన్నీ తక్కువ చేయం. నేపాల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర పర్మిట్ ఉంది, జెండా ఎగరేయడం నేరమూ కాదు. ఈ వాదనలన్నీ విన్నాం. ప్రశ్న మాత్రం ఇంకా అక్కడే ఉంది. సొంత దేశంలోని ఒక రాష్ట్రం చట్టం ప్రకారం వద్దన్న పనిని, పక్క దేశం గుమ్మంలోంచి వెళ్లి సర్కారీ సంస్థే చేస్తే, రేపు ఇంకెవరిని ఆపగలం?

ఆ చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం అనగానే టీవీ చర్చల్లో మసీదు, మందిరం తగాదాలే గుర్తొస్తాయి. సిక్కిం అదే చట్టాన్ని ఆధారం చేసుకుని 1998లో, మళ్లీ 2001లో నోటిఫికేషన్లు ఇచ్చి తమ పవిత్ర శిఖరాలను, గుహలను, సరస్సులను, శిలలను, వేడినీటి బుగ్గలను కాపాడుకుంది. గోడలు, పైకప్పు ఉంటేనే గుడి అనుకునే మనకు ఇది కొత్తగా అనిపించవచ్చు. వాళ్లకు కొండే గుడి, కొండే దేవుడు. కాంచన్‌జంగా ఎక్కడాన్ని నిషేధించింది ఆ నోటిఫికేషన్లే.

మనం కాంచన్‌జంగా అని నోటికి అలవాటు చేసుకున్న పేరు అసలు ఖాంగ్‌చెన్‌జోంగా. మహా హిమంలోని అయిదు నిధులు అని అర్థం. ఎత్తు 8,586 మీటర్లు, ప్రపంచంలో మూడోది. ఆ లెక్కలు మన పాఠ్యపుస్తకాలకు. అక్కడి అమ్మమ్మలు మనవలకు చెప్పేది నిధుల లెక్క: ఉప్పు ఒకటి, బంగారమూ పచ్చరాళ్లూ ఒకటి, ధర్మగ్రంథాలు ఒకటి, ఆయుధాలు ఒకటి, ధాన్యమూ మందులూ ఒకటి. ఈ జాబితాలో మొదట ఉప్పు రావడం చూడండి. ఉప్పు కోసం మంచు కనుమలు దాటి నడిచిన జనానికి మాత్రమే అది బంగారం పక్కన కనిపిస్తుంది. లోకానికి ఆపద వచ్చిన రోజున భక్తుల కోసం ఆ నిధులు తెరుచుకుంటాయని నమ్మకం. బౌద్ధ గురువు పద్మసంభవుడు ఈ లోయను కష్టకాలానికి దాచిపెట్టిన రహస్య భూమిగా దీవించాడని, దానికి ఈ పర్వత దేవతను కావలి ఉంచాడని టిబెటన్ బౌద్ధుల కథ. ఆ దేవత ముఖం ఎర్రన, తల మీద అయిదు పుర్రెల కిరీటం, వాహనం మంచు సింహం.

ఏటా టిబెటన్ పంచాంగం ఏడో నెల పున్నమికి, అంటే మన ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో, సిక్కిం మఠాల ముంగిట ‘పాంగ్ ల్హబ్సోల్’ జరుగుతుంది. ఆ ఎర్ర ముసుగు వేసుకున్న నర్తకుడు బయటికొస్తాడు, చుట్టూ కత్తులు, డాళ్లతో యోధుల నృత్యం. ఇది కొండను పూజించే పండుగ మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. టిబెట్ నుంచి వచ్చిన భూటియాల పెద్ద ఖ్యే బుంసా, ఇక్కడి లెప్చాల పెద్ద తేకోంగ్ తెక్ కలిసి కాబీ లుంగ్‌చోక్ అనే చోట రక్తసోదరులుగా ఒట్టేసుకున్నారు. పిల్లలు లేని ఖ్యే బుంసా సంతానం కోసం తేకోంగ్ తెక్ దీవెన అడగడానికి రావడం దాని వెనుక కథ. ఒట్టుకు సాక్షిగా వాళ్లు మనుషుల్ని పెట్టుకోలేదు, కాంచన్‌జంగాను పెట్టుకున్నారు. రాజ్యాంగం కంటే ఎన్నో వందల ఏళ్ల ముందు, బయటినుంచి వచ్చినవాడికీ ఉన్నవాడికీ మధ్య అక్కడ కుదిరిన ఒప్పందం అది. ఇప్పటికీ ఏటా దాన్ని గుర్తు చేసుకుంటున్నారు.

లెప్చాల లెక్క ఇంకా పాతది. తల్లి ఇట్బూమూ ఈ కొండ మీది తాజా మంచును తీసుకుని తొలి మగవాణ్ని, తొలి ఆడదాన్ని చేసిందని వాళ్ల కథ. చనిపోయాక ఆత్మ ఆ కొండ వైపుకే తిరిగి వెళ్తుందంటారు. వాళ్లకు అది పుట్టినిల్లూ, చివరికి చేరే ఇల్లూ. అలాంటి చోటును ‘టార్గెట్’ జాబితాలో చేర్చి టిక్కు పెట్టుకున్నారు మనవాళ్లు.

ఇదంతా తెలుగువాళ్లకు అర్థం కాని విషయమేమీ కాదు. తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం ఉంది. కొండంతా ఆదిశేషుడే, కాలు పెట్టకూడదని రామానుజులు అక్కడ మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకుంటాం. చెప్పులతో ఎక్కబోయిన బాల అన్నమయ్యకు అమ్మవారు కనిపించి, ఇది సాలగ్రామమయమైన కొండ, చెప్పులు విప్పమని చెప్పిన కథ మన ఇళ్లలో పిల్లలకు చెప్పే కథే. ఆనంద నిలయం గోపురం మీదికెక్కి రికార్డు పెడతానని ఒకడు బయల్దేరితే, పక్క రాష్ట్రం నుంచి వచ్చాడు కాబట్టి పర్వాలేదు అంటామా?

ఇక సిగ్గుపడాల్సిన విషయానికి వద్దాం. ఈ యాత్రకు 70 ఏళ్ల ముందు, 1955 మే 25న, చార్లెస్ ఇవాన్స్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం నుంచి జార్జ్ బాండ్, జో బ్రౌన్ మొదటిసారి ఈ శిఖరం దగ్గరికి చేరారు. సిక్కిం రాజుకు ఇచ్చిన మాట ప్రకారం చివరి కొన్ని అడుగులు ఎక్కకుండా వదిలేసి దిగొచ్చారు. వాళ్లూ నేపాల్ వైపు నుంచి వెళ్లినవాళ్లే. చట్టం లేదు, నోటిఫికేషన్ లేదు, చూసేవాడు అంతకన్నా లేడు. మాట ఒక్కటే ఉంది. పరాయి దేశస్థులకు ఆ మాట సరిపోయింది. మన రక్షణ శాఖ సంస్థకు మాత్రం అచ్చయిన చట్టం కూడా సరిపోలేదు.

2000లో ఆస్ట్రియా బృందానికి సిక్కిం ప్రభుత్వమే 20 వేల డాలర్లకు అనుమతి ఇచ్చి, జనం తిరగబడితే నాలుక కరుచుకుంది. మరుసటి ఏడాది వచ్చిన నోటిఫికేషన్ ఆ దెబ్బ ఫలితమే. 2019లో కేంద్రం విదేశీయుల కోసం 137 శిఖరాలను తెరిచినప్పుడు సిక్కింలోని 24 అందులో ఉన్నాయి. కాంచన్‌జంగా పేరు కూడా చూసి సిక్కిం రాజధాని గాంగ్‌టక్‌లో మళ్లీ గగ్గోలు. ఇప్పుడు ఇది. ప్రతిసారీ సిక్కిం వాళ్లు రోడ్డెక్కాలి, లేఖలు రాయాలి, మళ్లీ మొదటినుంచి దేవుడి కథ చెప్పాలి. ప్రతిసారీ ఢిల్లీ కొత్తగా విన్నట్టు మొహం పెడుతుంది.

అసలు ప్రమాదం ముందుంది. ఈ శిఖరాన్ని ఎక్కేవాళ్లంతా ఇప్పుడు నేపాల్ వైపు నుంచే వెళ్తున్నారు. దాన్ని ఆపాలంటే భారత ప్రభుత్వం కాఠ్మాండూతో కూర్చుని మాట్లాడాలి. ఏం మాట్లాడుతుంది? ‘మా సర్కారు వాళ్లే మీ దగ్గర పర్మిట్ తీసుకుని ఎక్కొచ్చారు, ఇక మీరు ఎవరికీ ఇవ్వకండి’ అని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? నేపాల్ అధికారి నవ్వి టీ ఇచ్చి పంపిస్తాడు. ఇంతకాలం ‘భారతదేశం ఈ కొండను గౌరవిస్తుంది’ అనే ఒక్క మాట చేతిలో ఉండేది, దాన్ని మనమే పారేసుకున్నాం. రేపు ఒక కంపెనీ బ్రాండ్ ప్రచారానికి బయల్దేరినా, ఇంకో సంస్థ వేరే నినాదం పట్టుకెళ్లినా, ‘వాళ్లకు లేని అడ్డు మాకెందుకు’ అంటారు. జవాబు చెప్పండి.

ఆ 2025 వేసవిలోనే ఇంకో వార్త కూడా చదివాం. అయిదేళ్ల తర్వాత కైలాస మానస సరోవర యాత్ర మళ్లీ మొదలైంది. ఆ ఏడాది మొత్తం 750 మంది యాత్రికుల్లో 500 మందికి కేటాయించిన దారి సిక్కింలోని నాథులా కనుమ మీదుగా. కైలాసం ఎత్తు 6,638 మీటర్లే, కాంచన్‌జంగా ముందు చిన్నది. అయినా ఇంతవరకు దాని మీద మనిషి కాలు పడలేదు. 2001లో స్పెయిన్ బృందానికి చైనా అనుమతి ఇచ్చిందన్న వార్త వస్తే ప్రపంచమంతా భగ్గుమంది. అలాంటిదేమీ లేదని, ఎవరినీ ఎక్కనివ్వమని చైనా చెప్పుకోవాల్సి వచ్చింది. మఠాలను నేలమట్టం చేసిన చరిత్ర ఉన్న ప్రభుత్వం కూడా అక్కడ వెనక్కి తగ్గింది. శివుడి కొండను చైనావాడు ముట్టుకోకూడదు, భూటియా కొండను మాత్రం మనం తొక్కొచ్చు. ఈ తూకపు రాళ్లు ఏ కొట్లోవి?

చిన్న దేశం భూటాన్‌ను చూడండి. 1994లో 6,000 మీటర్లు దాటిన శిఖరాల మీదికి ఎక్కడాన్ని నిషేధించింది. 2003 నుంచి పర్వతారోహణనే పూర్తిగా ఆపేసింది. డాలర్లు కురిపించే వ్యాపారాన్ని కొండ దేవతల మాటకు విలువిచ్చి వదులుకుంది. 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ పుయెన్సుమ్ ఇప్పటికీ ఎవరూ ఎక్కని శిఖరాల్లో అన్నిటికంటే ఎత్తైనది. 1998లో జపాన్ బృందం చైనా వైపు నుంచి దాన్ని ఎక్కడానికి అనుమతి తెచ్చుకుంటే భూటాన్ అడ్డుచెప్పింది, అనుమతి రద్దయింది. అంటే దొడ్డిదారి మూయించడం సాధ్యమే. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశం చైనాతో చేయించగలిగిన పనిని మనం మన సొంత శాఖతో చేయించలేకపోయాం.

ఇంకో ముచ్చట. 2016లో ఖాంగ్‌చెన్‌జోంగా జాతీయ పార్కుకు యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాం. ప్రకృతి, సంస్కృతి రెండూ కలిసిన వారసత్వంగా దేశంలో అదే మొదటిది. ఆ గుర్తింపులో సంస్కృతి అన్న సగం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ముసుగు నృత్యాల నుంచి, ఈ అయిదు నిధుల కథ నుంచి, కొండను ముట్టుకోని ఆ భయభక్తుల నుంచే. బోర్డు మీద రాసుకోవడానికి దేవుడు కావాలి, జెండా కార్యక్రమానికి మాత్రం అడ్డు రాకూడదు.

సిక్కిం పాలకులకూ ఒక మాట. యుక్సోమ్ పవిత్ర భూమిలో రాథోంగ్ చు విద్యుత్ ప్రాజెక్టును భిక్షువులు, జనం పోరాడితే 1997లో ఆపారు, సంతోషం. ఆ తర్వాత తీస్తా నది మీద ప్రాజెక్టులు కట్టుకుంటూ పోయినప్పుడు లెప్చా యువకులు 2007లో గాంగ్‌టక్‌లో నిరాహార దీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరు 4న చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యామ్ వరదలో కొట్టుకుపోయింది. శిఖరం పవిత్రం, దాని కాళ్ల దగ్గరి నది కాంట్రాక్టరుది అంటే లేఖకు బరువుండదు. అయినా ఈ లేఖలో ఉన్న ఫిర్యాదు న్యాయమైనదే, దానికి బదులివ్వాల్సింది ఢిల్లీయే.

హిమాలయాల గొడవ మనకెందుకని ఇక్కడ ఎవరైనా అంటే వాళ్లకో సంగతి. టిబెటన్లు సిక్కింను ‘దెన్‌జోంగ్’ అంటారు, వరి లోయ అని. ల్హాసా దగ్గర వాళ్ల పెద్ద మఠం పేరు ‘డ్రెపుంగ్’, వరి రాశి అని. ఆ రెండో పేరు మన ధాన్యకటకానికి, అంటే అమరావతికి, అనువాదం. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది అమరావతి స్తూపం దగ్గరేనని వాళ్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అక్కడికొచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. మన ఊరి పేరును వాళ్లు అన్ని శతాబ్దాలు మఠానికి పెట్టుకుని కాపాడారు. వాళ్ల కొండ పేరునైనా మనం సరిగ్గా పలకడం నేర్చుకోలేదు.

రక్షణ శాఖ నోరు విప్పాలి. ఈ యాత్రకు సంతకం పెట్టింది ఎవరు, పెట్టే ముందు గాంగ్‌టక్‌ను ఒక్క మాట అడిగారా అన్నది దేశానికి చెప్పాలి. ఇక మీదట సైన్యం గానీ, పారామిలటరీ గానీ, సర్కారు డబ్బుతో నడిచే ఏ సంస్థ గానీ ఏ దేశం వైపు నుంచైనా ఈ శిఖరం ఎక్కకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటేనే నేపాల్‌తో మాట్లాడటానికి ఎంతో కొంత ముఖం మిగులుతుంది. పాంగ్ ల్హబ్సోల్ ఏటా వస్తుంది. క్షమాపణ చెప్పాలనుకుంటే వచ్చే పండుగలోపే చెప్పాలి.

ఆ సంస్థ పెద్దలు క్షమాపణ ఎందుకని అడగడానికి గాంగ్‌టక్ దాకా వెళ్లక్కర్లేదు కూడా. వాళ్లుండే దిరాంగ్ మోన్‌పా బౌద్ధుల ఊరు. గేటు దాటి బయటికొచ్చి, మణిచక్రం తిప్పుకుంటూ కూర్చున్న ఏ ముసలమ్మనైనా ‘అమ్మా, దేవుడున్న కొండ మీదికి ఎక్కొచ్చా?’ అని అడిగి ఉంటే సరిపోయేది. వెళ్లే ముందు అడగలేదు. ఇప్పుడైనా వెళ్లి, ఎందుకెక్కారని ఆమె అడిగితే ఏం చెబుతారో చెప్పి రండి.